‘ఇష్టంతోనే పెడుతున్నావా అమ్మా?’: ఒక ఆడబిడ్డ సంతకం, అస్తిత్వవాద స్త్రీవాదం

2009 వేసవిలో మా మేనత్త హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టింది. తాత పోయి అప్పటికి ఏడాది. కర్నూలు జిల్లా పత్తికొండ వైపు తొమ్మిదెకరాల మెట్ట, ముగ్గురు పిల్లలు: మా నాన్న, చిన్నాన్న, అత్త. లెక్క ప్రకారం తలా మూడెకరాలు. అత్త సంతకం పెడితే అన్నదమ్ములకు చెరి నాలుగున్నర. రిజిస్ట్రారు అడగాల్సిన మాట అడిగాడు: “ఇష్టంతోనే పెడుతున్నావా అమ్మా?” అత్త ఒకసారి మా నాన్న వైపు చూసింది. తర్వాత “ఇష్టమే సార్” అంది. బొటనవేలి సిరా చీరకు అంటకుండా చేయి దూరంగా పెట్టుకుని బయటికొచ్చింది. అన్నదమ్ములు ఆ పని కోసమే తెచ్చిన కొత్త చీర అది.

ఆ నాలుగున్నర ఎకరాల మీద తీసిన బ్యాంకు లోనుతోనే నా హాస్టల్ ఫీజు కట్టారు. కాబట్టి నేను గట్టు మీద నిలబడి చూసినవాణ్ని కాదు.

ఆడపిల్లల ఆస్తి హక్కు మీద ఎక్కడ మాట లేచినా రెండు వాక్యాలు వినబడతాయి. ఒకటి, “ఆమె ఇష్టపడే ఇచ్చింది కదా, మధ్యలో మీకేం నొప్పి?” రెండోది, “పాపం, ఆమెకేం తెలుసు, మోసం చేశారు.” మొదటి మాట ప్రకారం ఆమె పూర్తి స్వేచ్ఛ ఉన్న మనిషి. రెండోదాని ప్రకారం ఆమెకు స్వేచ్ఛే లేదు. ఈ రెండింటితోనూ సరిపెట్టుకోని ఆలోచన ఒకటుంది. దాని పేరు అస్తిత్వవాద స్త్రీవాదం. సెమినార్లలో, యూట్యూబ్ పాఠాల్లో ఈ మాట బాగానే తిరుగుతోంది కానీ, గందరగోళం పేరు దగ్గరే మొదలవుతుంది.

‘అస్తిత్వం’ అనే మాటతో వచ్చిన చిక్కు

తెలుగులో అస్తిత్వం అనగానే గుర్తొచ్చేది స్త్రీవాద, దళిత, ముస్లిం మైనారిటీ, ప్రాంతీయ సాహిత్యాలు. అక్కడ ఆ మాటకు గుర్తింపు అని అర్థం. నేను ఫలానా, నా అనుభవం వేరు, నన్ను నన్నుగా చూడండి అని అడగడం. రాయలసీమ అస్తిత్వం అన్నా ఇదే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సులో బలపడిన అస్తిత్వవాదంలో అస్తిత్వం అంటే ఉనికి, ఉత్తగా ‘ఉండటం’. ఇది దాదాపు ఎదురు దిక్కు. “నేను ఫలానా, అంతే” అని తేల్చేసుకున్న చోటే నిన్ను నువ్వు మోసం చేసుకుంటున్నావేమో చూసుకో అంటుంది. డిగ్రీ పిల్లల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఈ రెండూ ఒకే పేరాలో కలిసిపోయి కనబడతాయి. తప్పు పిల్లలది కాదు, రెండు వేరే సంగతులకు ఒకే మాట వాడుకుంటున్న మనది.

కొడవలికి ముందే పని ఉంది, మనిషికి లేదు

కమ్మరి కొలిమి ముందు కూర్చునేటప్పటికే కొడవలి దేనికో అతనికి తెలుసు. పని ముందు, వస్తువు తర్వాత. ఫ్రెంచి తత్వవేత్త ఝా పాల్ సార్త్ర్ 1945లో పారిస్‌లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో కాగితాలు కోసే చాకును చూపి ఇదే చెప్పాడు. మనిషి విషయంలో ఇది తిరగబడుతుందన్నాడు. మనిషిని ఫలానా పనికి అని ఎవరూ తయారుచేయలేదు. ముందు ఉంటాడు, ఆ తర్వాత తాను చేసే పనులతో ఏదో ఒకటి అవుతాడు. ఉనికి ముందు, సారం తర్వాత.

దీన్ని మన ఇళ్లలోకి తెస్తే “ఆడజన్మ ఎత్తినాక తప్పుతుందా” అనే మాట నిలబడదు. ఆడజన్మ కొడవలి కాదు. ముందే రాసిపెట్టిన పనేదీ దానికి లేదు. ‘నా తలరాత ఇంతే’ అనుకోవడం కూడా మనిషి తీసుకున్న నిర్ణయమే, కాకపోతే నిర్ణయం తీసుకోలేదని తనకు తాను చెప్పుకుంటున్న నిర్ణయం. ఈ తత్వవేత్తలు దీన్నే ఆత్మవంచన అన్నారు.

వినడానికి ధైర్యంగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, 1943లో వచ్చిన తన పెద్ద గ్రంథంలో సార్త్ర్ దీన్ని చివరిదాకా లాగి, సంకెళ్లలో ఉన్న బానిస కూడా యజమాని అంత స్వేచ్ఛగలవాడే అనేదాకా వెళ్లాడు. అతని సహచరి, రచయిత్రి సిమోన్ ద బొవార్ అప్పటికే, 1940లోనే, అతనితో ఈ సంగతి మీద వాదించింది. అంతఃపురంలో బంధించిన ఆడమనిషికి నువ్వు చెప్పే స్వేచ్ఛ ఏపాటిదని అడిగింది. ఆ ప్రశ్నే తర్వాత ఆమె పుస్తకమైంది.

చింతచెట్టు కింద: ‘తయారవడం’ అంటే ఏమిటి

బొవార్ 1908లో పారిస్‌లో పుట్టింది. 1929లో తత్వశాస్త్రం అధ్యాపకుల పోటీ పరీక్షలో సార్త్ర్‌ది మొదటి ర్యాంకు, ఆమెది రెండోది. ‘ద సెకండ్ సెక్స్’ అని ఇంగ్లీషులో పేరుపడిన ఆమె గ్రంథం 1949లో రెండు సంపుటాలుగా వచ్చింది. ఫ్రెంచి ఆడవాళ్లు అప్పటికి మొదటిసారి ఓటు వేసి నాలుగేళ్లే. పెళ్లైన ఆడమనిషి భర్త అనుమతి లేకుండా తన పేరుతో బ్యాంకు ఖాతా తెరవగలిగింది 1965 తర్వాతే. 1956లో వాటికన్ ఈ పుస్తకాన్ని నిషిద్ధ గ్రంథాల జాబితాలో పెట్టింది. 1953 నాటి ఇంగ్లీషు అనువాదం ఒక జంతుశాస్త్రవేత్త చేశాడు. కొంత భాగం కోసేశాడు, తత్వశాస్త్రపు మాటలు కొన్ని తారుమారయ్యాయి. పూర్తి అనువాదం 2009 దాకా రాలేదు. అంటే ఇంగ్లీషులో చదివి మెచ్చుకున్నవాళ్లూ తిట్టినవాళ్లూ అరవై ఏళ్లకు దగ్గరగా చదివింది ఆ కోసిన పుస్తకాన్నే.

అందరికీ తెలిసిన వాక్యం రెండో సంపుటం మొదట్లో ఉంది: ఎవరూ స్త్రీగా పుట్టరు, స్త్రీగా తయారవుతారు. దీన్ని చాలామంది “ఆడ మగ తేడా అంతా సమాజం అల్లిన కట్టుకథ” అని అర్థం చేసుకుంటారు. ఆమె శరీరాన్ని కాదనలేదు. శరీరం వస్తువు కాదు, పరిస్థితి అంది. లోకాన్ని మనం పట్టుకునేది దానితోనే, అయితే ఆ పట్టు ఎలాంటిదో పెంపకం నేర్పుతుంది.

మా ఊరి చింతచెట్టు చెబుతాను. వేసవి సెలవులకు అత్త కూతురు వచ్చేది. నాకన్నా రెండేళ్లు పెద్ద, వదిన వరస. రాయి విసిరితే కాయ రాలాల్సిందే. మేమంతా కలిసి పది రాళ్లు వేస్తే తనది ఒక్కటి. పెద్దమనిషి అయిన మరుసటి వేసవిలో కూడా విసిరింది. అయితే ఎడమ చేయి ఓణి మీద ఉంది. కుడి చేయి ఒక్కటే కదిలింది, భుజం తిరగలేదు, కాలు ముందుకు పడలేదు. రాయి సగం దూరంలోనే పడింది. “దీనికి చేతనవ్వడం లేదు” అని నవ్వాం. ఆ తర్వాతి ఏడు మేం రాల్చిన కాయలు ఏరుకుంది.

ఐరిస్ మారియన్ యంగ్ అనే అమెరికా తత్వవేత్త 1980లో సరిగ్గా ఈ విషయం మీదే, ఆడపిల్లలు బంతి విసిరే తీరు మీద, ఒక వ్యాసం రాసింది. తేడా కండల్లోనే లేదు అంటుంది. శరీరంలో సగం పనిచేస్తుంటే మిగతా సగం తనను చూసే కళ్లను కాచుకుంటూ ఉంటుంది. పని చేసే మనిషీ తనే, నలుగురు చూసే వస్తువూ తనే. బొవార్ చెప్పిన ‘తయారవడం’ ఇలాగే జరుగుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, చేయి మాత్రం ఓణి మీదికి పోతుంది.

ఉన్నచోటే తిరగడం, దాటిపోవడం

బొవార్ వాడిన జంట పదాలకు మన విమర్శకులు పెట్టిన సంస్కృతం మాటలు నోరు తిరగనివి. తేలిగ్గా చెప్పాలంటే ఒకటి ఉన్నచోటే తిరగడం, రెండోది ఉన్నదాన్ని దాటి ముందుకు పోవడం. ప్రతి మనిషి బతుకులో రెండూ ఉంటాయి. వండుకోవాలి, తినాలి, పడుకోవాలి, అది మొదటిది. బోరు వేయడం, పాట కట్టడం, సంఘం పెట్టడం, అప్పు తీర్చి ఇంకో ఎకరా కొనడం రెండోది. చరిత్రలో మొదటిదంతా ఆడవాళ్ల మీద వేసి, రెండోది మగవాళ్లు తీసుకున్నారన్నది ఆమె వాదన.

అంకెల్లో చూద్దాం. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. తేడా 202 నిమిషాలు. ఏడాదికి సుమారు 1,229 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున కట్టినా నూట యాభైకి పైగా పనిదినాలు. పైగా ఇది ఎంతోకొంత చేసేవాళ్ల సగటు మాత్రమే. సర్వే అడిగిన రోజున ఇంటిపని ముట్టిన మగవాళ్లు 26 శాతమే, ఆడవాళ్లు 81 శాతం.

బొవార్ ఇంటిపనిని గ్రీకు పురాణంలో బండను కొండపైకి దొర్లించే సిసిఫస్ శిక్షతో పోల్చింది. తోమిన గిన్నె మళ్లీ అంటవుతుంది, ఊడ్చిన వాకిట్లో మళ్లీ ఆకులు రాలతాయి. నిజమే. మరి ముగ్గును ఎందులో వేయాలి? తెల్లారి కల్లాపి చల్లి మా అమ్మ వేసే ముగ్గు పది గంటలకల్లా బండ్ల కింద నలిగిపోతుంది. బొవార్ లెక్కలో అది ఉన్నచోటే తిరగడం. చుక్కలు లెక్కపెట్టి, నిన్నటి ముగ్గు నేడు వేయకుండా, పక్కింటామె చూసి ఆగిపోయేలా వేసిన అమ్మకు అలా అనిపించదు. బొవార్ మీద వచ్చిన గట్టి విమర్శల్లో ఒకటి ఇక్కడే పుడుతుంది. స్త్రీవాద తత్వవేత్త ల్యూస్ ఇరిగరే లాంటివాళ్లు ఏమంటారంటే, మగవాడి బతుకునే కొలబద్దగా పట్టుకుంటే కనడం, పెంచడం, చూసుకోవడం అన్నీ తక్కువగానే కనబడతాయి, ఆడవాళ్లు మగవాళ్లంత ఎత్తుకు ఎదగడమే విముక్తి అయితే ఆ ఎత్తును కొలిచింది ఎవరు? బొవార్ తరఫువాళ్ల జవాబు: ముగ్గు తక్కువదని ఆమె అనలేదు, వేయకపోతే తిట్టు పడే పనిని కళ అని పొగిడి అక్కడే ఉంచేయడం తప్పంది. నాకు రెండో మాటే బరువుగా తోస్తుంది కానీ, అమ్మ ముగ్గు వేస్తున్నప్పుడు మాత్రం అంత గట్టిగా అనలేను.

మరి తప్పు ఎవరిది?

ఇక సంతకం దగ్గరికి వద్దాం. ‘ద సెకండ్ సెక్స్’ ముందుమాటలో బొవార్ ఒక ముఖ్యమైన తేడా చూపిస్తుంది. మనిషి తన స్వేచ్ఛను వదులుకుని వస్తువులా ఉండిపోవడానికి తానే ఒప్పుకుంటే అది నైతికంగా తప్పు. అదే పరిస్థితిని ఇంకొకరు నెత్తిన రుద్దితే అది అణచివేత. బయటినుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. రెండు చోట్లా ఆమె “ఇష్టమే సార్” అనే అంటుంది.

ఆడవాళ్లు ఎందుకు ఎదురు తిరగరు అన్నదానికి ఆమె మూడు కారణాలు చెబుతుంది. ఒకటి, చేతిలో సాధనం లేదు. అత్త పేరు మీద అప్పటికి ఏమీ లేదు, కోర్టుకు పోవాలంటే బస్సు చార్జీ కూడా మామను అడగాలి. రెండు, తనను కట్టేసినవాళ్లతోనే తనకు విడదీయరాని బంధం ఉంది. కూలికీ ఆసామికీ గొడవైతే ఎవరిల్లు వాళ్లది. ఇక్కడ ఎదుటివాడు తోడబుట్టినవాడు, చిన్నప్పుడు చంకనెత్తుకున్న తమ్ముడు. మూడోది చేదు నిజం. ఆ పాత్రలో సుఖం కూడా ఉంది. ఏమీ అడగని ఆడబిడ్డకు పండక్కి పిలుపొస్తుంది, చీర వస్తుంది, పేరంటంలో ముందు కూర్చోబెడతారు. “బంగారం లాంటి ఆడపిల్ల” అంటారు. వాటా అడిగినదాన్ని ఏమంటారో రాయనక్కర్లేదు.

బొవార్ ఇంకో మాట కూడా అంది. కార్మికులు ‘మేము’ అంటారు, ఆడవాళ్లు అంత తేలిగ్గా అనలేరు. వాళ్లు తమలో తాము కాకుండా ఒక్కో మగవాడి చుట్టూ చెదిరి బతుకుతారు. ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా అమ్మ. అత్త సంతకం ఆలస్యమైతే అందరికన్నా ఎక్కువ టెన్షన్ పడింది ఆమే. “పెండ్లికి పెట్టిందంతా పెట్టినాం, ఇంక ఆడబిడ్డకు వాటా ఏంది?” అనేది. అదే అమ్మ ఆలూరు వైపు తన పుట్టింట్లో మూడేళ్ల ముందే ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టి వచ్చింది. ఆడబిడ్డగా పోగొట్టుకున్నదాన్ని వదినగా రాబట్టుకోవడం అన్నమాట. ఇద్దరు ఆడవాళ్ల మధ్య జరిగిన ఈ పోటీలో భూమి మాత్రం మగవాళ్ల పేరు మీదే ఉంది.

అయితే అత్తది ఆత్మవంచనా, అణచివేతా? సార్త్ర్ తొలి లెక్కలో ఆత్మవంచనే. బొవార్ 1947లో రాసిన నీతిశాస్త్రం పుస్తకం మధ్యేమార్గం చూపిస్తుంది. వేరే దారి ఉందని ఊహించే వీలు కూడా లేనివాళ్లను తప్పుపట్టలేం. దారి కనబడ్డాక నడవకపోతే అప్పుడు కొంత బాధ్యత వస్తుంది. దారి అనేది ఆమె ఒక్కతే వేసుకునేది కాదు, చుట్టూ ఉన్నవాళ్ల స్వేచ్ఛ మీద కూడా ఆధారపడుతుంది. కాబట్టి ‘ఇష్టమేనా’ అనేదానికంటే ‘కాదు అంటే ఏమయ్యేది’ అనేది పనికొచ్చే ప్రశ్న.

సుగ్గికి పోయే ఆమెకు ఇది సరిపోతుందా?

బొవార్ కళ్ల ముందు ఎక్కువగా ఉన్నది ఇంటిపట్టున ఉండే మధ్యతరగతి పారిస్ ఇల్లాలు. కోసిగి, ఆలూరు వైపు సంగతి అది కాదు. వానలు లేని ఏడు ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను వదిలి, గుంటూరు వైపు మిరపకోతల వలసకు, అంటే సుగ్గికి, పోతారు. ఆడవాళ్లే ఎక్కువ కోస్తారు. ఇంటి నాలుగు గోడలు దాటడమే విముక్తి అయితే వీళ్లకన్నా ఎక్కువ దాటినవాళ్లు ఎవరు? నిజానికి బొవార్ కూడా పని ఒక్కటే చాలనలేదు. దోపిడీ ఉన్నచోట పని స్వేచ్ఛ కాదని, బయటిపని చేసినా ఇంటిపని తప్పడం లేదని ఆ పుస్తకం చివర్లోనే రాసింది. గుడారం ముందు రాత్రి ఎనిమిదికి కట్టెలపొయ్యి వెలిగించేది ఎవరో చూస్తే చాలు.

అసలు విమర్శ ఇంకా లోతైనది. అమెరికా తత్వవేత్త ఎలిజబెత్ స్పెల్మన్ 1988లో ఎత్తి చూపినట్టు, బొవార్ ఆడవాళ్లను నల్లజాతివాళ్లతోనూ యూదులతోనూ పోలుస్తూ పోతుంది. నల్లజాతి ఆడమనిషిని ఎటువైపు లెక్కపెట్టాలో చెప్పదు. మన దగ్గర ఆ స్థానంలో కులం ఉంది. దళిత స్త్రీల గొంతు వేరు అని గోపాల్ గురు 1995లో రాసిన వ్యాసం ఈ చర్చకే పెద్ద మలుపు. కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఉన్న బసివిని ఆచారాన్నే తీసుకోండి. చిన్నపిల్లను దేవుడి పేరు మీద వదిలేసి, ఆమె ఏమవ్వాలో ఆమెను అడగకుండానే రాసేయడం. ‘ముందే నిర్ణయించిన సారం’కు ఇంతకన్నా మొరటు ఉదాహరణ దొరకదు. దాన్ని నిషేధిస్తూ రాష్ట్రం 1988లో చట్టం చేసింది. ఆ రాత మాత్రం ‘ఆడపిల్ల’ అందరి మీదా పడలేదు, ఎక్కువగా దళితవాడల పిల్లల మీదే పడింది. ‘స్త్రీగా తయారవడం’ అనే వాక్యంలో ఏ స్త్రీ అని అడగక తప్పదు.

అత్త లెక్క కూడా లెక్కే

ఇంకోవైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. మానవశాస్త్రవేత్త సబా మహమూద్ ఈజిప్టులో మసీదు చుట్టూ నడిచిన మహిళల ఉద్యమాన్ని చూసి 2005లో ఒక పుస్తకం రాసింది. ఎదురు తిరగడం మాత్రమే స్వేచ్ఛకు గుర్తు అనుకోవడం మన అలవాటు, కట్టుబాటు లోపల నిలబడి తనను తాను మలచుకోవడం కూడా మనిషి చేసే పనే అంటుంది. ఈ కళ్లతో చూస్తే అత్త మాట వేరేగా వినబడుతుంది. “నాకు భూమి ఎందుకు రా, పుట్టింటి గడప ఉంటే సాలు” అనేది. మొగుడు కొడితే వచ్చి పదిరోజులు ఉండే ఇల్లు అది. మూడెకరాల మెట్టకన్నా అదే గట్టి బీమా అనుకుంది.

ఆర్థికవేత్త బీనా అగర్వాల్ ఈ బీమా లెక్కను ఏళ్లపాటు పరిశీలించింది. దక్షిణాసియా అంతటా ఆడవాళ్లు అన్నదమ్ముల అండ కోసం భూమిని వదులుకుంటున్నారని చూపించింది. దాంతోపాటు కేరళలో ప్రదీప్ పాండాతో చేసిన ఒక సర్వేలో ఇంకో అంకె బయటపడింది. ఆస్తి ఏమీ లేని ఆడవాళ్లలో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నామన్నారు. ఇల్లూ భూమీ రెండూ తమ పేరున ఉన్నవాళ్లలో 7 శాతం మంది. అంటే, దెబ్బలు తిన్నాక పోవడానికి చోటు కావాలని అత్త వదులుకున్నదే దెబ్బలను ఆపగలిగే వస్తువు కావచ్చు. అత్త లెక్క తప్పని దీనితో తేలిపోదు. కేరళ వేరు, మా ఊరు వేరు, వాటా అడిగి పుట్టిల్లు పోగొట్టుకుంటే ఆ మూడెకరాలు సాగు చేసేదెవరన్నదీ ప్రశ్నే.

చట్టం తలుపు తీస్తుంది

బొవార్ విముక్తికి చెప్పిన షరతులు పెద్ద రహస్యాలేమీ కావు: సొంత సంపాదన, చదువు, కనాలా వద్దా అన్న నిర్ణయం, అందరూ కలిసి చేసే పోరాటం. 1949లో ఆమె సోషలిజం వస్తే మిగతావి సర్దుకుంటాయని నమ్మింది. 1972 నాటికి ఆ నమ్మకం పోయి, తాను స్త్రీవాదినని బాహాటంగా చెప్పుకుంది.

ఆస్తి విషయంలో ఆంధ్రప్రదేశ్ దేశంకన్నా ముందే కదిలింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో, ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో, హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అప్పటికే పెళ్లైనవాళ్లకు అది వర్తించలేదు. మా అత్త పెళ్లి 1983లో అయింది. 2005 కేంద్ర సవరణ ఆ గీత చెరిపేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కాగితం మీద ‘కాదు’ అనే వీలు ఇప్పుడు ప్రతి కూతురికీ ఉంది. అయినా విడుదల పత్రాలు రాసే దస్తావేజు లేఖరులకు పని తగ్గినట్టు నాకు కనబడలేదు.

పోయిన ఏడాది మామ చనిపోయాడు. పెద్దకర్మ అయిన వారానికి అత్త కూతురి దగ్గరికి, అదే చింతచెట్టు వదిన దగ్గరికి, ఆమె తమ్ముళ్లు ఇద్దరూ కాగితం పట్టుకొచ్చారు. వదిన “చదివి చెప్తా, పెట్టి పోండి” అంది. తమ్ముళ్లకు కోపం వచ్చింది, పెద్దోడు కాఫీ తాగకుండా లేచాడు. కాగితం ఇంకా బీరువాలోనే ఉందట. రోజూ ఫోన్ చేసి “పెట్టేయే, పుట్టిల్లు పోగొట్టుకోవద్దు” అంటున్నది మా అత్తే. పెట్టాలో వద్దో తనకే తెలియదని వదిన నాతో అంది. తర్వాత, మీ ఇంట్లో ఆ నాలుగున్నర ఎకరాలు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉన్నాయని అడిగింది.